ఉచిత కవాతుకు 25 పౌండ్లా?

బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు కాపలా మార్పు చూడ్డానికి టికెట్టే లేదు. అయినా మనిషికి 25 పౌండ్లు పుచ్చుకుని, చెవికో ఇయర్‌ఫోన్ తగిలించి, 10:30కి తీసుకెళ్లి ఐదు వరసల జనం వెనక నిలబెట్టే గైడ్లున్నారు. అక్కణ్ణుంచి కనిపించేవి ఎలుగు బొచ్చు టోపీల కొసలు, ముందువాళ్ల ఫోన్లు. పిల్లలు పావుగంటకే విసుగెత్తి కూలబడతారు. పెద్దవాళ్లు ఇచ్చిన డబ్బు గుర్తొచ్చి కదలరు.

అసలు తంతంతా ఇనుప కటకటాల లోపల జరుగుతుంది. మామూలుగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాలు. కొత్త దళం వచ్చేది 11కి. గట్టివాన పడితే రద్దు. కటకటాల పక్కన చోటు కావాలంటే 9:30కే చేరాలి. అంత ఓపిక లేకపోతే సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లోని ఫ్రయరీ కోర్టు అనే ప్రాంగణం దగ్గర 10:20కి నిలబడండి. దిగిపోయే దళం అక్కడే వరస కట్టి బయల్దేరుతుంది, కోటు గుండీలు లెక్కపెట్టేంత దగ్గరగా. లెక్కపెట్టండి కూడా, ఏ దళమో తెలిసిపోతుంది: గుండీలు ఒక్కొక్కటిగా ఉంటే గ్రెనేడియర్లు, జంటలుగా కోల్డ్‌స్ట్రీమ్, మూడేసి స్కాట్స్, నాలుగేసి ఐరిష్, ఐదేసి వెల్ష్. ఈ ముక్క 25 పౌండ్ల గైడు చెప్పడు.

గుర్రాలు ఇష్టమైతే హార్స్ గార్డ్స్ పరేడ్ మైదానం మేలు. అక్కడ గుర్రపు దళం కాపలా మార్పు రోజూ 11కి, ఆదివారం 10కి. అడ్డుగా కటకటాల్లేవు. సాయంత్రం 4కి తనిఖీ ఒకటుంది. 1894లో కాపలావాళ్లు తాగి జూదమాడుతూ విక్టోరియా రాణికి దొరికిపోయారట, నూరేళ్లపాటు రోజూ నాలుగింటికి తనిఖీ చేయమంది. శిక్ష 1994తో తీరిపోయినా ఆనవాయితీ పోలేదు. గుర్రం పక్కన ఫోటో దిగండి గానీ ముట్టుకోకండి, కరుస్తాయని బోర్డే పెట్టారు.

డబ్బు పెట్టదగ్గది మాత్రం లండన్ టవర్లో రాత్రి తాళాలు వేసే వేడుక. 5 పౌండ్లే. ఆన్‌లైన్‌లో ముందుగానే కొనాలి. టికెట్లు అమ్మకానికి పెట్టిన కాసేపటికే అయిపోతాయి, కాబట్టి ఊరు బయల్దేరే ముందే చూసుకోండి. 9:30కి లోపలికి పంపుతారు, ఆలస్యమైతే బతిమాలినా రానివ్వరు. ఫోటోలు నిషేధం. సరిగ్గా 9:53కి ఎర్రకోటు వేసుకున్న చీఫ్ యోమన్ వార్డర్ (టవర్ కాపలాదార్ల పెద్ద) ఒక చేత లాంతరు, ఒక చేత తాళంచెవులతో వస్తాడు. గేట్లు వేసి వెనుదిరిగాక చీకట్లోంచి కాపలా సైనికుడు గద్దిస్తాడు: "ఆగు! ఎవరక్కడ?" "తాళంచెవులు." "ఎవరివి?" "చార్లెస్ రాజుగారివి." పది గంటలు కొట్టేసరికి బ్యూగిల్. 1940 డిసెంబరులో బాంబు పడి అప్పటి వార్డర్లు కిందపడిపోయారు. లేచి, దుమ్ము దులుపుకుని పూర్తిచేశారు. ఆలస్యానికి అప్పటి రాజుగారికి క్షమాపణ ఉత్తరం రాశారు!

ఒక్క సంగతి: ఈ టికెట్‌తో నగల గది చూపించరు. కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూరు చూడాలంటే పగలు వేరే టికెట్ కొనుక్కుని రావాలి.

హార్స్ గార్డ్స్ నుంచి టవర్‌కి టాక్సీ దండగ. ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా నడిచి 15వ నంబరు బస్సెక్కితే 1.75 పౌండ్లు. డ్రైవరు నోట్లు, చిల్లర తీసుకోడు. బ్యాంకు కార్డు ఆనించాలి; ఒకే కార్డు ఇద్దరికి పనిచేయదు, ఎవరి కార్డు వాళ్లు ఆనించాల్సిందే.