తాత బార్బరోస్సా, మనవడు రెండో ఫ్రెడరిక్: ఇటలీ ఎవరికి లొంగింది?

జర్మనీ, ఉత్తర ఇటలీ కలిసిన పవిత్ర రోమన్ సామ్రాజ్యాన్ని ఏలిన ఈ తాతామనవళ్లిద్దరిదీ ఒకటే కోరిక: ఉత్తర ఇటలీ నగరాలు తమ మాట వినాలి.

1152లో జర్మనీకి రాజైన బార్బరోస్సా, అంటే ఎర్రగడ్డం ఆయన, కత్తినే నమ్ముకున్నాడు. ఎదురు తిరిగిన మిలాన్‌ను 1162లో నేలమట్టం చేయించాడు. కానీ 1176లో లెన్యానో దగ్గర ఆ నగరాల కూటమి చేతిలో ఓడిపోయాడు. గుర్రం మీంచి పడ్డ చక్రవర్తి పోయాడనే అనుకున్నారంతా. కొన్ని రోజులకు పావియా నగరంలో ప్రత్యక్షమయ్యాడు. మరుసటి ఏడాది వెనిస్‌లో, తాను ఏళ్ల తరబడి గుర్తించని పోప్ మూడో అలెగ్జాండర్ ముందు, పైవస్త్రం తీసేసి సాష్టాంగపడ్డాడు. ఆయనలో నాకు నచ్చేది ఇదే. తగ్గాల్సిన చోట తగ్గాడు. అందుకే 1183 కాన్‌స్టాన్స్ ఒప్పందంలో నగరాలకు స్వపరిపాలన ఇచ్చినా, పై అధికారం నిలబెట్టుకున్నాడు.

మనవడు చదువులో తాతను మించినవాడు. సిసిలీలో పెరిగాడు, 1224లో నేపుల్స్‌లో విశ్వవిద్యాలయం పెట్టాడు, డేగల వేట మీద స్వయంగా గ్రంథం రాశాడు. పోప్ వెలివేసినా లెక్కచేయకుండా వెళ్లి, 1229లో ఈజిప్ట్ సుల్తాన్ అల్ కామిల్‌తో మాట్లాడుకుని, యుద్ధం లేకుండానే జెరూసలేం సాధించాడు. ఎంత గొప్ప పని! ఆ ఓర్పు మిలాన్ దగ్గర ఏమైందో అని బాధేస్తుంది. 1237లో కోర్టెనువోవాలో గెలిచాక మిలాన్ వాళ్లు రాజీకొస్తే, షరతుల్లేకుండా లొంగాల్సిందే అన్నాడు. ఆ పంతమే కొంప ముంచింది. 1245లో పోప్ ఆయన్ని పదవి నుంచి తొలగించినట్టు ప్రకటించాడు. 1250లో పోరు తెగకుండానే కన్నుమూశాడు. 1268లో ఆయన మనవడు, పదహారేళ్ల కొన్రాడిన్ తలను నేపుల్స్‌లో నరికారు.