సీసీ కెమెరాలా, శిక్షణ ఉన్న ఆయమ్మా?

ప్లేస్కూల్ చూడ్డానికి వెళితే ముందు కెమెరాలే చూపిస్తారు. గేటు, వరండా, వ్యాను దగ్గర అవి ఉండాల్సిందే, ఆధారంగా పనికొస్తాయి. కానీ బాత్రూంలో కెమెరా పెట్టలేం. ఇంట్లో జరిగింది దానికి తెలియదు.

ఆయమ్మకు తెలుస్తుంది. నిన్నటిదాకా నవ్వుతూ వచ్చిన పాప ఇవాళ బట్టలు మార్చబోతే బిగుసుకుపోతుంది. తొడ మీద కమిలిన మచ్చ. అప్పుడు పాపను గుచ్చిగుచ్చి అడగకుండా, చెప్పింది చెప్పినట్టే రాసుకుని, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పాలని ఆమెకు ముందే నేర్పి ఉండాలి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోతే, అలాంటి నేరాల కోసమే ఉన్న పోక్సో చట్టం (2012) కింద 6 నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని స్కూలు పెద్ద దాస్తే ఏడాది దాకా.

ఒక్కదానికే డబ్బుంటే శిక్షణకే పెట్టమంటాను.