రాత్రి చీకటికి నాలుగు వివరణలు: ఏది నిలబడుతుంది?

రాత్రివేళ ఆకాశం నల్లగా ఉండడానికి సూర్యుడు అస్తమించడమే కారణమని చెప్పి ఊరుకుంటే, అది సగం జవాబు కూడా కాదు. విశ్వానికి అంతు లేదని, అందులో నక్షత్రాలు అన్ని దిక్కులా ఒకే తీరున పరచుకొని అనాదిగా వెలుగుతున్నాయని అనుకుందాం. రెండింతల దూరంలో ఉన్న నక్షత్రం నుంచి మనకు చేరే కాంతి నాలుగో వంతుకు తగ్గుతుంది. కానీ ఆ దూరంలో మన చుట్టూ ఊహించుకున్న గోళాకారపు పొరలో నక్షత్రాల సంఖ్య నాలుగింతలవుతుంది. తగ్గిందీ పెరిగిందీ సరిపోవడంతో ప్రతి పొరా ఒకే మొత్తంలో కాంతిని పంపుతుంది. పొరలకు మాత్రం అంతు లేదు. పెద్ద కొబ్బరితోట నడుమ నిలబడితే ఎటు చూసినా చివరికి ఏదో ఒక చెట్టు మాను అడ్డుపడినట్లు, ఆకాశంలో ఎటు చూసినా మన చూపు ఒక నక్షత్రం మీద ఆగాలి. అప్పుడు ఆకాశమంతా సూర్యబింబంలా మండుతూ ఉండాలి. అలాంటి బింబాలు సుమారు 1,80,000 పేరిస్తే గానీ ఆకాశగోళం నిండదంటే, ఆ వెలుగు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

జర్మనీలోని బ్రెమెన్ నగరంలో వైద్యవృత్తి చేస్తూ ఆకాశాన్ని పరిశీలించిన హైన్రిష్ ఓల్బర్స్ 1823లో ఈ చిక్కును చర్చించాడు గనుక దీనికి ఓల్బర్స్ విరోధాభాస (పారడాక్స్) అనే పేరు స్థిరపడింది. నిజానికి ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1610లోనే దీన్ని లేవనెత్తాడు, స్విట్జర్లాండ్‌కు చెందిన మరో ఖగోళ శాస్త్రవేత్త షెజో 1744లో లెక్కగట్టి చూపాడు. ఆ ఇద్దరి తరువాత వచ్చినవాడికి పేరంతా దక్కడం న్యాయం కాదని నా అభిప్రాయం.

షెజో, ఓల్బర్స్ ఇద్దరూ చెప్పిన సమాధానం ఒక్కటే: నక్షత్రాల నడుమ ఉన్న పలుచని పదార్థం దూరపు కాంతిని పీల్చుకుంటుంది. ఇది వినడానికి సహజంగానే ఉంటుంది. పాలపుంత కేంద్రం మన కంటికి కనిపించకుండా ధూళి మేఘాలు కప్పివేస్తున్నాయన్నది వాస్తవం కూడా. అయినా ఈ వివరణ నిలబడదు. కాంతిని ఎడతెగకుండా పీల్చుకునే ధూళి క్రమంగా వేడెక్కుతుంది, చివరికి తాను తీసుకున్నంత శక్తినీ తిరిగి వెదజల్లుతుంది. ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1848లో చూపిన ఈ లోపంతో ధూళి వాదం ముగిసిపోయిందనే చెప్పాలి.

కెప్లర్ సమాధానం వేరు. నక్షత్రాల సంఖ్య పరిమితం, విశ్వానికి హద్దు ఉంది, మనకు కనిపించే చీకటి ఆ హద్దేనని అతడు భావించాడు. తర్కపరంగా ఇందులో తప్పు లేదు. చిన్న తోటలో మానుల సందున అవతలి పొలం కనిపించినట్లు, నక్షత్రాల గుంపు చిన్నదైతే దాని వెనుక ఉన్న శూన్యం కనిపిస్తుంది. కానీ ఆధారాలు అటువైపు లేవు. హబుల్ టెలిస్కోపు 1995లో సప్తర్షి మండలం వైపు, ఖాళీగా తోచే ఒక అతి చిన్న చోటును పది రోజులపాటు చూస్తే, అందులో సుమారు 3,000 గెలాక్సీలు బయటపడ్డాయి. ఎంత లోతుకు చూసినా తోట అంచు కనిపించలేదు.

ఇక్కడే ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. విశ్వం పరిమితమైతే చాలు, చిక్కు విడిపోతుందని చాలామంది అనుకుంటారు. భూమి ఉపరితలం పరిమితమే అయినా దానికి అంచు లేనట్లే, అంతరిక్షం కూడా పరిమితంగా ఉంటూనే అంచు లేకుండా ఉండవచ్చు. అలాంటి విశ్వం అనాదిగా, కదలకుండా ఉన్నదైతే, అందులో కాంతి చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఏదో ఒక నక్షత్రాన్ని తాకుతూనే ఉంటుంది. అంటే పరిమితమైన విశ్వంలోనూ రాత్రి వెలిగిపోవచ్చు. విశ్వం ఎంత పెద్దదన్న ప్రశ్నకూ చీకటికీ మనం అనుకున్నంత దగ్గరి బంధం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

గెలాక్సీలు దూరమవుతున్నాయని ఎడ్విన్ హబుల్ 1929లో చూపిన తరువాత మూడో వివరణ బలపడింది. విశ్వం విస్తరిస్తుంటే కాంతి తరంగం సాగుతుంది, ఎరుపు వైపు జరుగుతుంది, శక్తిని కోల్పోతుంది. విశ్వం విస్తరిస్తున్నా ఎప్పుడూ ఒకేలా ఉంటుందంటూ 1948లో బాండీ, గోల్డ్, హాయిల్ ప్రతిపాదించిన స్థిరస్థితి సిద్ధాంతం చీకటి విషయంలో దీని మీదే ఆధారపడింది. ఎందుకంటే ఆ సిద్ధాంతంలో విశ్వానికి మొదలు లేదు, కనుక చీకటి భారమంతా విస్తరణే మోయాలి. హాయిల్‌తో కలిసి పనిచేసిన జయంత్ నార్లీకర్ మూలంగా మన దేశంలో కూడా ఈ ఆలోచన బాగా పరిచయమైంది. అయితే మనం ఉన్న విశ్వానికి మొదలు ఉంది. విస్తరణ వల్ల గెలాక్సీల కాంతి ఎంత తగ్గిందో పాల్ వెసన్, ఆయన సహచరులు 1987లో గణిస్తే, తేడా సుమారు రెండింతలని మాత్రమే తేలింది. లక్షల కోట్ల రెట్లు తగ్గవలసిన వెలుగును సగం చేసి చీకటిని వివరించామని చెప్పలేం.

మిగిలింది వయసు. కాంతికి వేగం ఉంది, విశ్వానికి సుమారు 1,380 కోట్ల సంవత్సరాల వయసు ఉంది. నక్షత్రాలు అంతకంటే ఆలస్యంగా వెలిగాయి. దూరపు నక్షత్రాల కాంతి మనల్ని చేరడానికి ఇంకా సమయం చాలలేదని అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1848లో ఊహించాడు, భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ ప్రభువు 1901లో లెక్కతో నిలబెట్టాడు, విశ్వశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హ్యారిసన్ 1964 నుంచి దీన్ని స్పష్టంగా వివరించాడు. ఎటు చూసినా ఒక నక్షత్రం తగలాలంటే మన చూపు కనీసం ఒకటి పక్కన 23 సున్నాలు పెట్టినన్ని కాంతి సంవత్సరాలు (కాంతి ఏడాదిలో పయనించే దూరం ఒక కాంతి సంవత్సరం) సాగాలి. మనకు అందుబాటులో ఉన్న దూరం దాని ముందు లెక్కలోకే రాదు.

హ్యారిసన్ దీన్నే శక్తి వైపు నుంచి కూడా చూశాడు, నాకు ఎక్కువ నచ్చేది ఆ దారే. విశ్వంలోని పదార్థాన్నంతా కాంతిగా మార్చినా అంతరిక్షపు ఉష్ణోగ్రత సుమారు 20 కెల్విన్‌లకు (పరమశూన్యం నుంచి లెక్కించే ఉష్ణోగ్రత కొలమానం) మించదు, ఆకాశం వెలగాలంటే మాత్రం దాదాపు 6,000 కావాలి. నక్షత్రాలు అంతరిక్షమనే ఈ మహా చెరువును చిన్న చిన్న చెంబులతో నింపుతున్నాయి, నిండడానికి ముందే వాటి ఇంధనం అయిపోతుంది.

కనుక నక్షత్రకాంతి విషయంలో నా ఓటు నిస్సందేహంగా వయసుకే. ఒక్కచోట మాత్రం విస్తరణకు న్యాయం చేయాలి. విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్లకు, 3,000 కెల్విన్‌ల వేడిలో విడుదలైన కాంతి నేటికీ ప్రతి దిక్కునుంచీ వస్తోంది. అంటే మన చూపు ఎటు వెళ్లినా చివరికి ఒక మండే గోడను తాకుతూనే ఉంది. ఆ కాంతి తరంగాలు దాదాపు 1,100 రెట్లు సాగి, 2.7 కెల్విన్‌ల సూక్ష్మతరంగాలుగా మారాయి; పెన్జియాస్, విల్సన్ వాటిని గుర్తించి 1965లో ప్రకటించారు. విస్తరణ లేకపోతే ఆ గోడ ఎర్రగా మండుతూ కనిపించేది. నక్షత్రాలు ఆకాశాన్ని నింపలేకపోవడానికి కారణం వయసు, ఆది వెలుగు మన కంటికి ఆనకపోవడానికి కారణం విస్తరణ.

మరి విశ్వం అనంతమా? చీకటి ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. వయసు పరిమితమైతే చాలు, విశ్వం అనంతమైనా కాకపోయినా రాత్రి నల్లగానే ఉంటుంది. ఆ ఆది వెలుగును కొలిచిన ప్లాంక్ ఉపగ్రహపు కొలతలను బట్టి అంతరిక్షపు వక్రత (ఒంపు) సున్నాకు అతి దగ్గరగా ఉంది. ఇది అనంతానికి అనుకూలమే గానీ రుజువు కాదు, ఎందుకంటే వక్రత లేకుండానే తనలోకి తాను చుట్టుకున్న పరిమిత విశ్వం కూడా సాధ్యమే. అలా చుట్టుకున్న విశ్వం చిన్నదైతే ఆది వెలుగు పటంలో ఒకే నమూనా గల వలయాల జంటలు కనిపించాలి. వెతికినవారికి అవి దొరకలేదు. కనుక విశ్వం పరిమితమే అయితే, మనకు కనిపించే సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల వ్యాసార్థం గల భాగంలో ఇమిడిపోయేంత చిన్నది మాత్రం కాకపోవచ్చు.