నీడలో చర్మం కనిపించాలా, మాయమవ్వాలా?

నలుపు తెలుపు ఫొటోలో మనిషి దేహాన్ని చూపేటప్పుడు రంగు సాయానికి రాదు. భుజం ఎంత గుండ్రమో, వెన్ను ఎక్కడ లోపలికి వంగిందో నీడే చెప్పాలి. ఆ నీడను ఎంత ముదరనివ్వాలి? ఈ ఒక్క ప్రశ్న దగ్గరే అమెరికాలోని ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్‌దీ, ఇంగ్లండులోని ఫొటోగ్రాఫర్ బిల్ బ్రాంట్‌దీ వేర్వేరు దారులయ్యాయి.

బ్రాంట్ 1940లలో ఒక పాత కోడక్ కెమెరా కొన్నారు. సంఘటనా స్థలాల ఫొటోలకు పోలీసులు వాడిన రకం అది. కటకం చాలా విశాలంగా చూస్తుంది కనుక దగ్గరున్న పాదం ఏనుగు పాదమంత అవుతుంది. తర్వాతి రోజుల్లో ఆయన ప్రింట్లలో కాంట్రాస్ట్, అంటే వెలుగు నీడల మధ్య తేడా, బాగా పెంచారు. నీడలు కాటుకలా నల్లబడ్డాయి, చర్మం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ససెక్స్ తీరాన 1957లో తీసిన చిత్రంలో చెవి కూడా గులకరాళ్ల నడుమ ఒక పెద్ద రాయే. దేహం శిల్పంగా మారడం అంటే అదే, కాదనను. అయితే అందులో మనిషి వెచ్చదనం ఉండదు.

వెస్టన్ 8x10 అంగుళాల నెగెటివ్‌ను పెద్దది చేయకుండా, కాగితానికి ఆనించి అదే కొలతలో ప్రింటు తీసేవారు. వెలుగు చీకటిలోకి దిగే మెట్లన్నీ అందులో నిలుస్తాయి. 1936లో తన మోడల్ కారిస్ విల్సన్‌ను తీసిన చిత్రం చూడండి. ఆమె గుమ్మంలో కూర్చుంది. వెనుక గది నీడ, ముందు మిటమిటలాడే ఎండ. వెలుగు భరించలేక తల వంచితే, అలాగే ఉండమన్నారు ఆయన. ముఖం కనిపించకపోయినా ముడుచుకున్న మోకాళ్లలో, చుట్టుకున్న చేతుల్లో మనిషి ఉంది.

నా ఓటు వెస్టన్‌కే. నేర్చుకునేవారికైతే మరీను. కాంట్రాస్ట్ పెంచడం ఇప్పుడు ఫోనులో వేలి పని, చెడ్డ వెలుగును నలుపులో దాచేయవచ్చు. బ్రాంట్ దాచింది లోపాలను కాదు; ఆయన్ను అనుకరించేవారు చాలావరకు దాచేది వాటినే. ఒక కిటికీ దగ్గర మనిషిని కూర్చోబెట్టి, ఎదురుగా తెల్ల దుప్పటి కట్టి, దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ చూడండి. నీడవైపు చెంపలో చర్మం ఎప్పుడు కనిపిస్తుందో, ఎప్పుడు మాయమవుతుందో పది నిమిషాల్లో తెలుస్తుంది.

ఇంతకీ ఆ 1936 చిత్రంలో కుడిచేతి మీది నీడ వెస్టన్‌కు ఎన్నడూ నచ్చలేదట. ఆ నీడే లేకపోతే ఆ చెయ్యి తెల్లటి పట్టీలా ఉండేదని నాకనిపిస్తుంది. కారిస్‌కు మాత్రం నీడతో పేచీ లేదు. ఆమె బాధంతా వంకర పాపిడి గురించీ, తలపిన్నుల గురించీ.