హోమ్ థియేటర్‌లో పాటలు: రిసీవర్‌కు స్టీరియో యాంప్ జోడించి వాడిన అనుభవం

సినిమాల కోసం 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) పెట్టుకున్న ఇళ్లలో తరచూ వినపడే మాట ఒకటుంది: "సినిమా అదిరిపోతుంది, పాట పెడితే మాత్రం ఏదో వెలితి." మా ఇంట్లోనూ అదే పరిస్థితి. హెలికాప్టర్ నెత్తిమీద తిరుగుతుంది, వీణ మీటితే మాత్రం ఆ నాదం నిలవదు. అందుకే స్పీకర్లన్నిటినీ నడిపే డెనాన్ ఏవీఆర్-ఎక్స్3800హెచ్ రిసీవర్‌కు, పాటల కోసం ముందు రెండు స్పీకర్లను నడిపే మరాంట్జ్ పీఎం8006 స్టీరియో యాంప్ జోడించాను. ముందు స్పీకర్లు కెఫ్ క్యూ350లు, తోడుగా లోతైన బేస్ కోసం ఒక సబ్‌వూఫర్ (సబ్). వీటితో రెండు వేసవులు గడిచాయి, కొత్త మోజు తీరింది. యాంప్ వల్ల మేలు జరిగిన మాట నిజమే. కానీ అంతకంటే పెద్ద మేలు పెద్దగా ఖర్చులేని పనుల వల్ల జరిగింది. కాబట్టి ముందు వాటి గురించే చెబుతాను.

మొదటిది స్పీకర్ల చోటు. మనం టీవీ యూనిట్ అరల్లో స్పీకర్లు దూర్చేసి ఊరుకుంటాం. క్యూ350కి పోర్టు, అంటే బేస్ గాలి బయటికొచ్చే రంధ్రం, వెనకవైపు ఉంటుంది. అరలో పెడితే బేస్ ఉబ్బిపోయి, మృదంగం ఎడమవైపు దెబ్బకూ బేస్ గిటార్‌కూ తేడా తెలియదు. స్టాండ్లు చేయించి, గోడకు అడుగున్నర ఎడంగా, ట్వీటర్లు (సన్నటి స్వరాలు పలికే భాగాలు) కూర్చున్నవాళ్ల చెవుల ఎత్తుకు వచ్చేలా నిలబెట్టాను. స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉందో, ఒక్కో స్పీకర్ నుంచి సోఫాకు దాదాపు అంతే దూరం ఉండేలా చూసుకున్నాను. తర్వాత రెండింటినీ కొద్దిగా సోఫా వైపు తిప్పాను.

చోటు సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పాత పాటలను మించినవి లేవు. 1950ల నాటి సినిమా పాటలు మోనో రికార్డింగులు. రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది కాబట్టి గొంతు సరిగ్గా నడిమధ్య నుంచి రావాలి. కాస్త పక్కకు జరిగినా, వెడల్పుగా పరుచుకున్నా ఏదో ఒక స్పీకర్‌ను ఇంకా కదపాలన్నమాట. అంగుళం అంగుళం జరుపుతూ ఒక సాయంత్రమంతా ఆ పని మీదే కూర్చున్నాను. చివరికి మా నాన్నగారిని సోఫా మధ్యలో కూర్చోబెట్టి పాట పెడితే, "పాటలకు ఆ మధ్య స్పీకర్ ఎందుకురా, ఆపెయ్" అన్నారు. అప్పుడు సెంటర్ స్పీకర్ కాదు కదా, రిసీవరే ఆన్‌లో లేదు. దగ్గరికి వెళ్లి సెంటర్ స్పీకర్ మీద చెయ్యి పెట్టి చూసుకుంటే గానీ ఆయన నమ్మలేదు.

రెండోది గది. విట్రిఫైడ్ టైల్స్, బోసి గోడలు, గాజు కిటికీలు ఉన్న హాల్లో ఎంత మంచి యాంప్ పెట్టినా గొంతు గీసినట్టే వినిపిస్తుంది. హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి, వెనకే సన్నగా ఇంకో మోత వస్తే మీ గది కూడా అలాంటిదే. స్పీకర్లకూ సోఫాకూ మధ్య మందపాటి కార్పెట్, కిటికీలకు బరువైన కర్టెన్లు, వెనక గోడకు పుస్తకాల అల్మరా. మాకు ఈ మూడింటితోనే "స", "ష" అక్షరాల కరకుదనం చాలావరకు పోయింది.

బేస్ సంగతి వేరు, అది కర్టెన్లకు లొంగదు. మా హాలు పొడవు 14 అడుగులు. ఆ పొడవుకు 40 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల మధ్య నిలిచిపోయి, ఒకచోట దిమ్ముగా, ఇంకోచోట అసలు లేనట్టుగా వినిపిస్తుంది. దీనికి పాత చిట్కానే పాటించాను. సబ్‌వూఫర్‌ను సోఫాలో పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేసి, గది అంచుల వెంబడి నేల మీద పాకుతూ విన్నాను. ఎక్కడ ప్రతి స్వరం విడివిడిగా తెలిసిందో అక్కడే సబ్ పెట్టాను. మూలన పెట్టమని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, మా హాల్లో మూల పనికిరాలేదు.

మూడోది రిసీవర్ సెట్టింగులు. ఇక్కడ ఓపిక పడితే ఫలితం కచ్చితంగా ఉంటుంది. ఆడిస్సీ (మైక్‌తో గదిని కొలిచి ధ్వనిని సరిచేసే, రిసీవర్‌లోని సాఫ్ట్‌వేర్) కొలతలు తీశాక స్పీకర్లను "లార్జ్" అని చూపిస్తే నమ్మకండి. క్యూ350 లాంటి బుక్‌షెల్ఫ్ స్పీకర్‌ను "స్మాల్" చేసి, క్రాసోవర్ (స్పీకర్‌కూ సబ్‌కూ శబ్దాన్ని పంచే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే కింది బరువంతా సబ్ మోస్తుంది, స్పీకర్ తేలికపడి గొంతు తేటబడుతుంది. పెద్ద, చిన్న శబ్దాల తేడాను తగ్గించే డైనమిక్ వాల్యూమ్ ఆపేశాను. తక్కువ వాల్యూమ్‌లో బేస్ పెంచే డైనమిక్ ఈక్యూ పాటలకు దాన్ని మరీ ఎక్కించేస్తుంది. డైనమిక్ ఈక్యూను పూర్తిగా ఆపకుండా, దాని జోరు తగ్గించే రిఫరెన్స్ లెవెల్ ఆఫ్‌సెట్ 10కో 15కో మారిస్తే రాత్రిపూట తక్కువ వాల్యూమ్‌లో కూడా హాయిగా ఉంటుంది.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. ఆడిస్సీ మామూలుగా 2 కిలోహెర్ట్జ్ దగ్గర కావాలనే శబ్దాన్ని కొద్దిగా తగ్గిస్తుంది. మనిషి గొంతులోని స్పష్టత చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఫోన్‌లో డబ్బు పెట్టి కొనుక్కోవలసిన మల్టీఈక్యూ ఎడిటర్ యాప్‌లో ఆ తగ్గింపును ఆపేయవచ్చు. సరిచేయడం కూడా కింది ఫ్రీక్వెన్సీలకే పరిమితం చేయవచ్చు. నేను 400 హెర్ట్జ్ దగ్గర ఆపాను. దాంతో స్పీకర్ సహజ గుణం నిలిచింది, బేస్ మాత్రం అదుపులోకి వచ్చింది. ఇంత చిన్న మార్పుకు గొంతు అంత ముందుకొస్తుందని నేను ఊహించలేదు.

ఇక యాంప్. రిసీవర్ ఫ్రంట్ ప్రీ-అవుట్‌ల (ముందు స్పీకర్ల సిగ్నల్‌ను బయటి యాంప్‌కు పంపే సాకెట్ల) నుంచి మరాంట్జ్ వెనకున్న పవర్ యాంప్ ఇన్‌కు రెండు ఆర్‌సీఏ తీగలు. సినిమా చూసేటప్పుడు మరాంట్జ్‌లో పవర్ యాంప్ డైరెక్ట్ నొక్కితే దాని వాల్యూమ్ నాబ్ దారిలోంచి తప్పుకుంటుంది, అంతా రిసీవర్ చేతుల్లోనే. ఇలా కలిపాక ఆడిస్సీ కొలతలు మళ్లీ తీయాలి, లేకపోతే ముందు స్పీకర్ల మట్టం మిగతావాటితో కుదరదు. పాటలకు ఫోన్ నుంచి డాక్ (డిజిటల్ పాటను యాంప్ తీసుకునే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం), అక్కడి నుంచి నేరుగా మరాంట్జ్. పీఎం8006లో డిజిటల్ ఇన్‌పుట్లు లేవు కాబట్టి డాక్ విడిగా కొనాల్సిందే. రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్లకు మాత్రం అందులోని ఫోనో ఇన్‌పుట్ అక్కరకొస్తుంది.

కలిపిన మొదటి రోజే స్పీకర్లలో సన్నటి గుయ్ మోత. చాలాసేపు తీగలు మార్చి చూశాను. చివరికి టీవీకి వచ్చే కేబుల్ కోయాక్స్ తీగ పీకగానే ఆగిపోయింది. ఆ తీగ ద్వారా వేరే ఎర్త్ వచ్చి లూప్ ఏర్పడింది. కోయాక్స్‌కు ఒక చిన్న ఐసొలేటర్ పెట్టి, పరికరాలన్నీ ఒకే స్విచ్‌బోర్డు నుంచి నడిపించాక మళ్లీ రాలేదు. మోత పోతుంది కదా అని ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి, ప్రాణాలతో పని.

ధ్వని సంగతికొస్తే, కాగితం మీద మరాంట్జ్ 70 వాట్లే, రిసీవరే 105. కనుక గొప్పతనం వాట్లలో లేదు. రెండింటి వాల్యూమ్‌నూ కొలిచి సమానం చేశాక వింటే తేడా చిన్నదే. కానీ ఉంది. తంబురా శ్రుతి వెనకాల తెగకుండా సాగుతుంది, వయొలిన్ గమకం చివరి వంపు దాకా తెలుస్తుంది. ఎక్కువసేపు విన్నా తల బరువెక్కదు, నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. లోటూ ఉంది. నేరుగా వింటే గదికి తగ్గట్టు ఆడిస్సీ చేసే సవరణ ఉండదు, సబ్ కూడా ఉండదు. అందుకే కచేరీలు, పాత పాటలు మరాంట్జ్‌లో నేరుగా వింటాను. డ్రమ్స్ దంచే కొత్త సినిమా పాటలు రిసీవర్ స్టీరియో మోడ్‌లో సబ్‌తోనే బాగుంటాయి.

తీగల మీద డబ్బు పోయకండి. పదిహేను అడుగుల లోపు దూరానికి 16 గేజ్ రాగి తీగ చాలు. ఆ డబ్బు లాస్‌లెస్ (నాణ్యత తగ్గని) పాటలకు పెట్టండి. బ్లూటూత్‌లో కుదించిన పాట వేసి యాంప్‌ను తిట్టి లాభం లేదు.

కొనేముందు మీ రిసీవర్ వెనక భాగం ఒకసారి చూడండి. తక్కువ ధర మోడళ్లలో చాలావాటికి సబ్‌వూఫర్ ప్రీ-అవుట్ ఒక్కటే ఉంటుంది, ఫ్రంట్ ప్రీ-అవుట్‌లు ఉండవు. అలాగే స్టీరియో యాంప్‌కు పవర్ యాంప్ ఇన్ గానీ, హెచ్‌టీ బైపాస్ (యాంప్ వాల్యూమ్ నాబ్‌ను దాటవేసే ఇన్‌పుట్) గానీ ఉండాలి. అవి లేక మామూలు ఆక్స్‌లో కలిపితే, ప్రతి సినిమాకూ యాంప్ నాబ్ ఒకే గుర్తు దగ్గర పెట్టాలి. ఇంట్లో ఎవరో ఒకరు అది మరిచిపోతారు, స్పీకర్ల ప్రాణం మీదికొస్తుంది. ఈ రెండూ లేని సెట్ మీ దగ్గరుంటే యాంప్ ఆలోచన పక్కనపెట్టి, స్టాండ్లు, కార్పెట్ కొనుక్కోండి.