మూడేళ్ళుగా వాడుతున్న మాన్యువల్ ఫ్లాష్: తిరుపతి నుంచి నా అనుభవం

తిరుపతిలో పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీస్తుంటాను. మూడేళ్ళ కిందట ఒక మాన్యువల్ ఫ్లాష్, దాన్ని కెమెరా నుంచి వైరు లేకుండా వెలిగించే రేడియో ట్రిగ్గర్ కొన్నాను. రెండూ కలిపి 9,000 రూపాయల లోపే. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ ధరలో దొరికే మాన్యువల్ ఫ్లాష్‌లు నేను చూసినంతవరకు ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయి. దీంట్లో టీటీఎల్ లేదు. అంటే ఎంత వెలుతురు కావాలో కెమెరా లెక్కగట్టి ఫ్లాష్‌కి చెప్పదు. ఫుల్ పవర్ నుంచి 1/128 దాకా మనమే పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. కొన్న రోజు అదే పెద్ద లోటనిపించింది. ఇప్పుడు ఎవరైనా ఫ్లాష్ నేర్చుకుంటానంటే మొదట ఈ రకమే కొనమంటున్నాను.

మొదటి రెండు నెలలు దాన్ని పెళ్ళికి తీసుకెళ్ళనే లేదు. ఇంట్లో ఒక తిరుపతి చెక్కబొమ్మ ఉంది. రాత్రి లైట్లన్నీ ఆర్పి, దాన్ని టేబుల్ మీద పెట్టి, దాని వెనక ఐదడుగుల దూరంలో తెల్లగోడ ఉండేలా చూసుకున్నాను. ఫ్లాష్‌ని బొమ్మకు అడుగు దూరంలో పెడితే బొమ్మ చక్కగా వచ్చింది, గోడ మాత్రం దాదాపు నల్లబడిపోయింది. తెల్లగోడే! తర్వాత ఫ్లాష్‌ని ఆరడుగులు వెనక్కి జరిపి పవర్ పెంచితే అదే గోడ బూడిదరంగుకు వచ్చింది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతవుతుందని వీడియోల్లో వందసార్లు విన్నాను. మొదటి ఫొటోలో గోడ ఫ్లాష్‌కి ఆరడుగుల దూరంలో ఉంది, బొమ్మ ఒక్క అడుగే. అంటే గోడకు చేరింది 36వ వంతు. కళ్ళారా చూశాక ఆ లెక్క ఇక మర్చిపోలేదు. బ్యాక్‌గ్రౌండ్ నల్లగా కావాలంటే నల్లగుడ్డ అక్కర్లేదు, ఫ్లాష్‌ని మనిషికి దగ్గరగా జరిపితే చాలు.

ఇంకొకటి కూడా ఆ బొమ్మతోనే వంటబట్టింది. షట్టర్ స్పీడ్, అంటే కెమెరా తెర తెరిచి ఉండే సమయం, మారిస్తే ఫొటోలో గది వెలుతురు మారుతుంది, ఫ్లాష్ వెలుతురు మారదు. మెరుపు సెకనులో చాలా చిన్న భాగమే ఉంటుంది కాబట్టి షట్టర్ ఎంతసేపు తెరిచినా దానికి ఒకటే. రిసెప్షన్లలో వెనక ఎల్ఈడీ గోడ ఎంత మెరవాలో షట్టర్‌తో, జంట ముఖాలు ఎంత వెలగాలో ఫ్లాష్ పవర్‌తో విడివిడిగా పెట్టుకోవడం అప్పుడే అలవాటైంది. నా నికాన్ కెమెరాలో సింక్ స్పీడ్, అంటే ఫ్లాష్‌తో వాడగల అత్యంత వేగమైన షట్టర్, సెకనులో 1/200 వంతు. అది దాటితే ఫొటోలో ఒకపక్క నల్లటి పట్టీ వస్తుంది.

పెళ్ళిళ్ళ సంగతికి వస్తాను. ఫ్లాష్‌ని సీలింగ్ వైపు తిప్పి కొట్టమని అందరూ చెప్తారు. మన కళ్యాణ మండపాల్లో సీలింగ్ ఎక్కడ కనిపిస్తుంది? పైనంతా ఎర్రగుడ్డ, పసుపుగుడ్డ కట్టేసి ఉంటారు. దానికి తగిలి వచ్చే వెలుతురులో పెళ్ళికొడుకు తెల్లపంచె కూడా పసుపులో ముంచినట్టు వస్తుంది. అందుకే వెలుతురును మెత్తబరిచే చిన్న గొడుగు పెట్టి, ఫ్లాష్‌ని మోనోపాడ్ (ఒంటికాలి కర్ర) చివర బిగించి, నా దగ్గర పనిచేసే తమ్ముడి చేతికిస్తాను. ఎదురుగా కొడితే పట్టుచీర జరీ తెల్లటి గీతలా పేలిపోతుంది. పక్కనుంచి పడితే జరీలో నేత కూడా కనిపిస్తుంది. మొదట్లో ఒక పెళ్ళిలో ఇంకా ఎదురుగానే కొడుతుంటే పెళ్ళికూతురి అవ్వ, 'నాయనా, పిల్ల కళ్ళల్లోకి కొట్టొద్దు ఆ లైటు' అంది. ఆమె మాట న్యాయమైనది. కంటికి ఏది ఇబ్బందో ఫొటోలోనూ అదే బాగుండదు.

తలంబ్రాల దగ్గర మాత్రం ఫ్లాష్ వెనక నుంచే కావాలి. తమ్ముడు జంట వెనక, కొద్దిగా పక్కకు వంగి నిలబడతాడు. పవర్ 1/32. ఎదురు నుంచి కొడితే బియ్యం ముఖం మీద తెల్లచుక్కల్లా పడి అడ్డం వస్తుంది. వెనక నుంచి పడితే పసుపు కలిపిన ఒక్కో గింజ విడిగా వెలుగుతుంది, జడలో మల్లెల అంచులు మెరుస్తాయి, పైకెత్తిన వేళ్ళ సందుల్లోంచి జారే బియ్యం గాల్లోనే ఆగిపోయి కనిపిస్తుంది. పవర్ తగ్గించేకొద్దీ మెరుపు నిడివి కూడా తగ్గుతుంది కాబట్టే గింజ సాగకుండా స్పష్టంగా వస్తుంది. ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో తీసిన, పాలచుక్క పడి కిరీటంలా లేచిన ఫొటోకూ ఆధారం ఈ సూత్రమే, అంతకంటే ఎంతో పొట్టి మెరుపుతో. నేను వంటింట్లో రాగి పళ్ళెం పెట్టి, ఇంకు ఫిల్లర్‌తో పాలచుక్కలు వేసి సాయంత్రమంతా ప్రయత్నించాను. కిరీటం నాలుగుసార్లు దొరికింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది గంగమ్మ జాతర. మే నెల, నడినెత్తిన ఎండ. ఎవరి ముఖం చూసినా కళ్ళ కింద నల్లటి గుంటలు. షట్టర్ 1/200, లెన్స్ తెరుపు ఎఫ్/11, వెలుతురుకు కెమెరా స్పందన ఐఎస్ఓ 100 పెట్టి, నాలుగైదడుగుల దూరంలో పక్కనుంచి ఫ్లాష్ 1/4 పవర్‌లో కొడితే ఆ గుంటలు నిండుతాయి. బైరాగి వేషం రోజున ఒళ్ళంతా తెల్లటి నామంకొమ్ము. బండ వేషానికి ఎర్రటి కుంకుమ. తోటి వేషానికి నల్లటి బొగ్గు. ఆటోమేటిక్ ఫ్లాష్ పెట్టినవాళ్ళ ఫొటోల్లో తెల్లవేషం మసకబారి, బొగ్గువేషం వెలిసిపోయి రావడం చూశాను. ఎదురుగా ఉన్నది ఏదైనా మధ్యస్థమైన బూడిదరంగే అని లెక్కేసుకుంటుంది కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్. నాది దూరం మారనంతసేపూ ఒకే వెలుతురు ఇస్తుంది. తెలుపు తెలుపులా, బొగ్గు బొగ్గులా ఉంటాయి. బొగ్గు పూసుకున్న చెంప మీద చెమట గీతలు కూడా విడిగా వచ్చాయి. ఆ వేషాలు మొక్కు తీర్చుకోవడానికి వేసేవి. అందుకని ముందు అడిగి, సరేనన్నవాళ్ళనే తీశాను, అమ్మవారి ముందు ఫ్లాష్ వాడలేదు.

సాయంత్రాలు మిద్దె మీద ఫ్లాష్‌కి ఆరెంజ్ జెల్ (పారదర్శక రంగు కాగితం) పెట్టి, కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని టంగ్‌స్టన్‌కి, అంటే పసుపు బల్బు వెలుతురు సెట్టింగ్‌కి, మారిస్తే వెనక శేషాచలం కొండలు నీలంగా మారిపోతాయి, మనిషి మాత్రం మామూలు రంగులోనే ఉంటాడు. ప్రీ-వెడ్డింగ్ జంటలకు ఇది బాగా నచ్చుతోంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫుల్ పవర్‌లో కొట్టాక మళ్ళీ రెడీ అవడానికి నా చేతిలో మూడు సెకన్లు పడుతోంది, సెల్స్ పాతబడితే ఐదారు. మాంగల్యధారణ ఐదు సెకన్లు ఆగదు. అందుకే ఆ సమయంలో 1/8 దాటను, ఐఎస్ఓ పెంచుకుంటాను. మే ఎండలో వరసగా కొడితే వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది. నీడకు తెచ్చి పది నిమిషాలు వదిలేయాల్సిందే. ఏడాదిన్నరకే బ్యాటరీ మూత వదులైంది, రబ్బరు బ్యాండు వేసి నడుపుతున్నాను. ఎక్కువ కెపాసిటీ అని రాసి ఉన్న చవక రీచార్జబుల్ సెల్స్ కొంటే ఆరు నెలలకే పోయాయి, సెల్స్ దగ్గర డబ్బు ఆదా చేయవద్దు. గొడుగు పెట్టిన స్టాండుకి ఇసుక మూట కట్టకపోవడం నా తప్పు. కొండగాలికి మిద్దె మీద పడి ఫ్లాష్ పాదం (స్టాండుకు బిగించే భాగం) విరిగింది. రిపేరు చేసే అన్న 400 రూపాయలకు కొత్త పాదం వేసిచ్చాడు.

ఒంటరిగా తిరుగుతూ, ఊరేగింపులో పరుగెత్తుతూ తీసేవాళ్ళకు టీటీఎల్ ఉన్నదే మేలు. దూరం క్షణానికోసారి మారేచోట చేత్తో పవర్ మార్చుకోవడం కుదరదు. మిగతావాళ్ళు ఇది కొని, ఒక బొమ్మను ముందు పెట్టుకుని రెండు నెలలు కూర్చోండి. నేను పోయిన నెలలో రెండోదీ ఇదే రకం కొన్నాను, ఒకటి వెనక నుంచి తలంబ్రాలకు, ఒకటి పక్కనుంచి ముఖాలకు. ఈసారి పెట్టె విప్పగానే ఇసుక మూట కుట్టించాను.