గొంతు పైభాగం క్యాన్సర్‌కి పాత రేడియేషనా, ఐఎంఆర్‌టీనా: ఏది మేలు?

మా కోనసీమలో ఎవరికైనా టాన్సిల్ దగ్గరో నాలుక మొదట్లోనో క్యాన్సర్ అని తేలి, డాక్టర్ కరెంటు పెట్టాలనగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే: రాజమండ్రా, వైజాగా, హైదరాబాదా? ఊరి సంగతి తర్వాత, ముందు ఏ పద్ధతిలో పెడతారో అడగండి.

పాత పద్ధతిలో కిరణాలు మెడకి రెండు పక్కల నుంచీ పడతాయి, దాంతో చెవుల కింద లాలాజలం ఊరే గ్రంథులు కూడా మాడిపోతాయి. ఐఎంఆర్‌టీ అనే కొత్త పద్ధతిలో గడ్డకి పూర్తి డోసు ఇస్తూనే ఆ గ్రంథుల మీద వీలైనంత తక్కువ పడేలా చూస్తారు. బ్రిటన్‌లో ఈ రెండిటినీ పోల్చి చూసిన పార్‌స్పోర్ట్ అనే పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. ఏడాది తర్వాత నోరు బాగా ఎండిపోయే బాధ పాత పద్ధతిలో 74 శాతం మందికి ఉంటే, ఐఎంఆర్‌టీలో 38 శాతం మందికే ఉంది. జబ్బు అదుపులో, ప్రాణాలు నిలవడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే కొత్త మెషీన్ అయితేనే బతుకుతారన్న టెన్షన్ అక్కర్లేదు.

అలాగని నోరు ఎండటం చిన్న విషయం కాదండి. మా మావయ్యకి పాత పద్ధతిలోనే పెట్టారు. జబ్బు తగ్గింది, కానీ ఇప్పటికీ ముద్ద ముద్దకీ మజ్జిగ తాగితే గానీ అన్నం దిగదు, ఆవకాయ నాలుక్కి తగిలితే కళ్లలో నీళ్లే, పెళ్లి భోజనాలకి రావడమే మానేశాడు. అందుకే రెండూ దొరికే చోట ఐఎంఆర్‌టీయే అంటాను. ప్రభుత్వ పథకం కార్డు మీద వెళ్తుంటే ఏ పద్ధతికి అనుమతి పెడుతున్నారో ఆరోగ్యమిత్రని ముందే అడగండి.

ఇక దగ్గరా, దూరమా? ఐఎంఆర్‌టీ దగ్గర్లో ఉంటే దగ్గరే మేలు, నాకు ఇందులో రెండో ఆలోచన లేదు. మామూలుగా వారానికి అయిదు రోజుల చొప్పున ఏడు వారాలు, 35 సిట్టింగులు. మూడో వారానికి గొంతు పుండై మంచినీళ్లు మింగడమే కష్టమవుతుంది, అప్పుడు దూరాన లాడ్జీలో ఉన్నవాళ్లు నాలుగు రోజులు ఇంటికెళ్లొద్దామంటారు. అనుకోకుండా పోయిన ఒక్కో రోజుకీ జబ్బు అదుపయ్యే అవకాశం దాదాపు ఒక శాతం తగ్గుతుంది. పండగైనా సరే, మానకండి. మింగలేకపోతే ముక్కు గొట్టం పెట్టించుకునైనా కోర్సు పూర్తి చేయాలి.

ఏ పద్ధతైనా, మొదలుపెట్టేలోపే పళ్ల డాక్టరుకి చూపించి పాడైన పళ్లు తీయించేయండి, తర్వాత తీస్తే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. చుట్ట ఆ రోజు నుంచే బంద్.